రెండు కిలోమీటర్ల జవాబు

“కళ్ళు కనబడవా మీకు?”

“బాగానే కనబడతాయి. అనుమానంగా ఉంటే మా షాపుకి రండి, ఊరికే టెస్ట్ చేయిస్తాను.”

మూరెడు దూరంలో మనిషి కూడా ఆనని పొగమంచులో, చెరువుగట్టు మలుపు దగ్గర, వాళ్ళిద్దరూ ఢీకొనబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. ఆమె మొహం చుట్టూ ఎర్ర మఫ్లర్. కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఆ కళ్ళలో కోపం మాత్రం స్పష్టంగా ఉంది.

“అందరూ ఇటు తిరుగుతుంటే మీరొక్కరే అటేంటండీ?” అన్నాడు అతను.

“గుండ్రంగా ఉన్న దారికి ఎటైతే ఏంటి?” అనేసి ఆమె పరిగెత్తింది.

ఆగదని అతనికీ తెలుసు. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళు ఆగరు. చేతికున్న వాచీ ఊరుకోదు.

అతను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. నవ్వుతూ ఫ్రేములు చూపించే ముందుగది కాదు అతనిది, వెనకగది. నంబరు ప్రకారం అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతని పని. రోజంతా మిషను రొదే తప్ప పలకరించే దిక్కుండదు. సాయంత్రం మూడో అంతస్తులోని గదికి చేరుకుంటే ఆ రొద కూడా ఉండదు.

చలికాలం చివర్లో నలభై రెండు కిలోమీటర్ల పరుగు పందెం ఉందని షాపువాళ్ళు నలుగురు ఎగిరి గంతేసి పేర్లిచ్చారు. మొదటి చలిగాలికే ఒకడికి మోకాలు పట్టేసింది, ఇంకొకడికి జలుబు చేసింది. మూడోవాడికి ఏ కారణమూ లేదు, వెచ్చటి దుప్పటి తప్ప. మిగిలింది ఇతనొక్కడే. ఐదింటికి అలారం మోగితే దాన్ని తిట్టుకుంటూ లేచేవాడు. ఎందుకు లేస్తున్నాడో అతనికే సరిగ్గా తెలియదు. లేవకపోతే ఏమైందని అడిగే మనిషి కూడా ఆ ఊళ్ళో లేడు.

అందుకేనేమో, ఆ పొద్దున ఎవరో అమ్మాయి అరిచిన అరుపు అతనికి రోజంతా హాయిగా అనిపించింది.

చెరువు చుట్టూ నాలుగు కిలోమీటర్లు. అతను తూర్పు గేటు నుంచి, ఆమె పడమటి గేటు నుంచి, సరిగ్గా ఐదున్నరకి బయల్దేరేవారు. ఇద్దరికీ రెండేసి రౌండ్లు. ఎదురెదురు పరుగు కాబట్టి రోజుకి నాలుగుసార్లు తారసపడేవారు. ఆ రెండు క్షణాల్లో ఒక్క మాటకే సందు. ఒకరు అడిగితే, రెండోవారి జవాబు వినడానికి రెండు కిలోమీటర్లు పరిగెత్తాలి.

“ఏం చేస్తుంటారు?” అన్నాడు ఒకరోజు మొదటిసారి ఎదురైనప్పుడు.

“ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను,” అంది ఆమె, పన్నెండు నిమిషాల తర్వాత.

“అయితే నాకూ ఒకటి తీస్తారా?”

“ఏదో ఒకటి విరగ్గొట్టుకుని రండి!”

ఈ నాలుగు ముక్కలతో అతనికి రోజు గడిచిపోయేది. మిషను ముందు కూర్చుని తనలో తనే నవ్వుకునేవాడు. రేపు ఏం అడగాలా అని సాయంత్రమంతా ఆలోచించేవాడు. చలి ముదిరినకొద్దీ అలారం కంటే అతనే ముందు లేవడం మొదలుపెట్టాడు.

ఒక శనివారం, నాలుగోసారి ఎదురైనప్పుడు ఆమె అడిగింది.

“పందెం అయిపోయాక కూడా వస్తారా?”

ఆ రోజుకి అదే ఆఖరు. జవాబు ఇక మర్నాడే చెప్పాలి.

ఇలాంటి ప్రశ్నకి ఒక్క ముక్క విసిరేసి పరిగెత్తిపోతే ఏం బాగుంటుంది? ఎదురుగా వెళ్తే నాలుగు మాటలే. పక్కన పరిగెత్తితే ఎనిమిది కిలోమీటర్ల కబుర్లు! మర్నాడు తూర్పు గేటు దగ్గర ఇటు కాకుండా అటు తిరిగి, ఆమె వెళ్ళే వైపే పరుగందుకున్నాడు. కాస్త వేగం పెంచితే ఎక్కడో ఒకచోట అందుకోలేనా అనుకున్నాడు.

రెండు రౌండ్లూ అయిపోయాయి. ముందు ఎర్ర మఫ్లర్ జాడే లేదు.

ఇవాళ రాలేదేమో, రేపు వస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. మర్నాడూ అటువైపే పరిగెత్తాడు, కనిపించలేదు. ఆ మర్నాడూ అంతే. ఆమె పేరు అడగలేదు, ఏ ఆస్పత్రో అడగలేదు. తొందరపడి అడిగానే అని సిగ్గుపడి మానేసిందా? ఒంట్లో బాగాలేదా? అడిగి తెలుసుకుందామన్నా ఎవరినని అడుగుతాడు? మొహమైనా సరిగ్గా చూడని మనిషి కోసం ఇంత బెంగేమిటని తనను తనే కోప్పడ్డాడు. బెంగ తగ్గలేదు. ఇంతకుముందు ఒంటరిగా ఉండటం అతనికి అలవాటే. ఇప్పుడు అదే ఒంటరితనం భరించలేనట్టుగా ఉంది.

పన్నెండో రోజు మొదటి రౌండ్ సగంలో కాళ్ళు ఇక మాట వినలేదు. గట్టుమీద సిమెంటు బెంచీ మీద కూలబడ్డాడు. చెమట చల్లబడి ఒళ్ళు వణుకుతున్నా లేవబుద్ధి కాలేదు. చాలాసేపు అలాగే కూర్చుని, చివరికి పక్క ఊళ్ళో ఉండే అక్కకి ఫోన్ చేశాడు.

“అక్కా, మానేశాను.”

“ఏం మానేశావురా? ఉద్యోగమా?” అక్క గొంతులో కంగారు.

“పరుగు.”

“హమ్మయ్య! మీ బావ కూడా అదే అంటున్నారు, ఈ చలిలో వాణ్ణెవరు తరుముతున్నారే అని.”

“ఎవరూ తరమట్లేదక్కా. నేనే ఒకళ్ళని...”

మాట పూర్తి కాలేదు. వెనకనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. పొగమంచులోంచి ఎర్ర మఫ్లర్ వచ్చి, అతన్ని దాటి, నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఇన్నాళ్ళలో ఆమె ఆగడం అదే మొదటిసారి.

“రానని చెప్పడానికి నోరు రాలేదా మీకు?” ఆమె రొప్పుతోంది. “ఒక్క మాట అడిగినందుకు మొహం చాటేస్తారా?”

“నేనా? నేను రోజూ వస్తూనే ఉన్నానండీ. మీరే...”

“నేనూ రోజూ వస్తూనే ఉన్నాను!”

“ఎటువైపు?”

“ఎప్పుడూ పరిగెత్తే వైపే. మీరు?”

“మీరు పరిగెత్తే వైపే. మిమ్మల్ని అందుకుని, పక్కనే పరిగెత్తుతూ జవాబు చెబుదామని.”

“మీరు మొదలుపెట్టేది ఏ గేటు?”

“తూర్పు.”

“నాది పడమర. అంటే చెరువుకి అటొకళ్ళం, ఇటొకళ్ళం, ఒకే వైపు, ఒకే వేగం! ఇక ఈ జన్మలో కలుస్తామా?”

“నేను వేగం పెంచాను కదండీ!”

“నేనూ పెంచాను. మీ మీద కోపంతో!”

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది.

“ఇవాళ కూడా కనబడకపోతే ఇక రాకూడదనుకున్నాను. ఈ నెలంతా డ్యూటీ, ఇల్లు, మళ్ళీ డ్యూటీ. నాతో సరదాగా నాలుగు మాటలు మాట్లాడేది మీరొక్కరే.”

అతను బెంచీ మీంచి లేచాడు. ఎన్ని రోజులనుంచో కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి.

“వస్తానండీ. పందెం అయ్యాక కూడా వస్తాను. అసలు నేను లేచేది మీకోసమే. చలికాలం పోయినా వస్తాను, వానొచ్చినా వస్తాను, మన పెళ్ళయ్యాక కూడా...”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అంతలో అతని చేతిలోంచి ఒక గొంతు గట్టిగా వినిపించింది.

“ఒరేయ్! పెళ్ళేంట్రా? ఎవర్రా ఆ అమ్మాయి?”

ఫోన్ పెట్టేయడం మరిచిపోయాడు! గబగబా నొక్కబోతే ఆమె చెయ్యి చాచింది. అతను మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. ఆమె మఫ్లర్ కిందికి లాగింది. చలికి ఎర్రబడ్డ ముక్కు, దాచుకోవాలని చూస్తున్నా దాగని నవ్వు. ఆ మొహాన్ని అతను అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు.

ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని, అతని కళ్ళలోకే చూస్తూ, నెమ్మదిగా అంది.

“నమస్తే వదినగారూ.”