దొరగారి ముఖం తొందరపడింది

"ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళకి మనవాళ్ల ముఖాలన్నీ లోకం చూస్తుంది," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ పళ్లు నూరుతూ.

ఎదుట స్క్రీన్ మీద విదేశీ ముఠా వెబ్‌సైట్. అజ్ఞాత నెట్‌వర్క్‌లో పెట్టారు. సర్వర్ ఏ దేశంలో, ఏ గదిలో ఉందో పెరుమాళ్లకెరుక. విడుదల చేస్తామంటున్న వీడియోలో మన రహస్య ఏజెంట్ల ముఖాలున్నాయి. అందులో ఒకటి ఏజెంట్ గద్ద చెల్లెలిది. ఆమె శత్రు జనరల్ ఇంట్లో వంటమనిషి వేషంలో ఉంది.

"మా చెల్లెల్ని అక్కణ్ణుంచి బయటికి లాగండి చీఫ్!" అన్నాడు గద్ద.

"టైం లేదయ్యా."

గద్ద ఏం చెయ్యాలో తోచక పేజీ మళ్లీ తెరిచాడు. అక్షరాలు నత్తనడకన వస్తున్నాయి. దాక్కుంటూ పది దారులు తిరిగి రావాలి కదా మరి! కానీ ముఠా నాయకుడు 'దొర' ఫోటో మాత్రం తటాలున ప్రత్యక్షమైంది. దువ్విన మీసం, కోటుకు గులాబీ.

"అంత పెద్ద బొమ్మ అంత తొందరగా ఎలా వచ్చింది?"

ఫోటో అడ్రస్ లాగి చూశాడు. మామూలు ఇంటర్నెట్! సైట్‌ని పాతాళంలో దాచిన ఘనుడు ఫోటోలూ వీడియోలూ నడివీధిలో పెట్టుకున్నాడు. వీధి తలుపుకు తాళాలేసి పెరటి తలుపు బార్లా తీసినట్టు. ఏడ్చినట్టుంది వీడి తెలివి!

ఆ ఫోటోలున్న సర్వర్ ఈ ఊళ్లోనే, ఒక ఫోటో స్టూడియో మేడ మీద ఉందని తేలింది. గద్ద ఏసీ మెకానిక్ వేషంలో తలుపు తట్టాడు. ముత్యాల దండ, ఎర్ర పట్టు గౌను వేసుకున్న దొర సెక్రటరీ తలుపు తీసింది.

"చల్లగాలి చాలట్లేదా మేడమ్?"

"చాలట్లేదు. ఫ్యాన్ మా అత్తగారు పట్టుకుపోయింది."

కోడ్ కలిసింది. మన మనిషే! కబురు పంపే దారి లేక ఇక్కడే చిక్కుకుంది.

"'మీ ముఖం ముక్కలు ముక్కలుగా వస్తోంది సార్, జనం నవ్వుతున్నారు' అని దొరతో అన్నాను," గుసగుసలాడిందామె. "అంతే, బొమ్మలన్నీ మామూలు నెట్‌కి మార్పించాడు. ఏజెంట్ల వీడియో కూడా ఇక్కడే ఉంది. మిగతా కాపీలు తుడిచేశా. త్వరగా వెళ్లు."

లోపల దొర అద్దంలో మీసం సవరించుకుంటున్నాడు. రెండో చెయ్యి మౌస్ మీద ఉంది. గద్ద ఆఫీసువాళ్లిచ్చిన, నెట్‌ని ఆపేసే జామర్ పెన్ను నొక్కాడు. ఛీ, అది పనిచెయ్యలేదు!

"ఎవడ్రా నువ్వు?" అంటూ దొర వీడియో విడుదల బటన్ నొక్కబోయాడు.

గద్ద ఒక్క దూకు దూకి గోడలోంచి ప్లగ్గు పీకాడు. స్క్రీన్ నల్లబడింది. సెక్రటరీ తుపాకీ దొర మెడకు ఆనింది. గద్ద హార్డ్ డిస్క్ ఊడదీసి సంచీలో వేసుకుంటుంటే ఫోన్ మోగింది. చెల్లెలి మెసేజ్: "అన్నయ్యా, జనరల్‌గారు భోంచేశారు. కూరలో ఉప్పెక్కువైందని తిట్టారు."

కళ్లు తుడుచుకున్నాడు గద్ద. ఆ తిట్టు ఎంత తియ్యగా ఉందో!

పోలీసు వ్యాన్ ఎక్కుతూ కూడా దొరకు బుద్ధి రాలేదు. "నా ఫోటో ఇంకా కనిపిస్తోందా?" అని కానిస్టేబుల్‌ని అడిగాడు.

"ఎందుకు కనిపించదు సార్! ఇప్పుడు మా పోలీసు సైట్‌లో పెడతాం. అక్కడ ఇంకా తొందరగా వస్తుంది."