కాటా మీద అరవై కిలోలు

దెయ్యం అనగానే ముందుకు జరిగి కూర్చున్నావే, ఈ చురుకు డ్యూటీలో ఎప్పుడైనా చూపించినావా అబ్బా? నిన్న రాత్రి కాపలా నీ వంతు. నీ గురక మా వీధి దాకా వినబడింది. సరే, కూర్చున్నావు కాబట్టి విను. నవ్వొస్తే నవ్వుకో. చివరన కూడా నవ్వగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

చిత్తూరు దాటి తిరుపతి రోడ్డులో పోతుంటే, మామిడి మండీలు అయిపోయిన చోట ఎడమ చేతి పక్క ఒక కాటా ఉంది. లారీలు, ట్రాక్టర్లు ఎక్కి బరువు చూసుకునే కాటా. నేలకు సమంగా పరిచిన పెద్ద ఇనుప పలక, దాని పక్కన అద్దాల కిటికీ ఉన్న చిన్న గది, గది నెత్తిన రోడ్డుకు కనబడేలా ఎర్ర అంకెల బోర్డు. అంతే. పగలు చూస్తే అక్కడ భయపడడానికి ఏమీ లేదు, కాటా వేసేవాడి ముఖం తప్ప.

రాత్రి మాత్రం అక్కడ ఎవరూ బండి ఆపరు.

ఎప్పుడో ఒక లారీ క్లీనరు, గాలి తగులుతుందని ఆ పలక మీద పడుకున్నాడట. డ్రైవరు చూసుకోకుండా బండి ఎక్కించాడట. అప్పట్నుంచి అర్ధరాత్రి దాటితే... గదిలో దీపం ఉండదు. మనిషి అలికిడి ఉండదు. కంప్యూటరు నిద్రలో ఉంటుంది. అది తనంతట తానే కళ్లు తెరుస్తుందట. నెత్తిన బోర్డు ఎర్రగా వెలుగుతుందట. పలక మీద ఎవరూ ఉండరు — బోర్డు మీద మాత్రం అరవై. సన్నపాటి మనిషి బరువు.

చూసినవాళ్లు ఎవరని అడగొద్దు. చూసినవాళ్లతో మాట్లాడినవాళ్లు చిత్తూరు నిండా ఉన్నారు.

ఈ కథ పుట్టిన చోటు నాకు తెలుసు. ఆ గదిలోని నులక మంచం మీద పుట్టింది. దాన్ని కన్నవాడు గుణశేఖర్, రాత్రి పూట కాటా వేసే మహానుభావుడు.

తోతాపురి మామిడి సీజన్లో ఆ రోడ్డు సంగతి నీకు తెలుసు. జ్యూస్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. చెట్టు దిగిన కాయ ఎవరి కోసమూ ఆగదు. ఫ్యాక్టరీ టోకెను ఏ రాత్రికి ఇస్తే ఆ రాత్రే, తెల్లారేలోపు, ఈ కాటా చీటీ చూపించి గేటు దాటాలి. అందుకే కాటా యజమాని నిర్మలమ్మ రాత్రికి ఒక మనిషిని పెట్టింది. కరెంటు పోతే ఇన్వర్టరు ఎక్కువసేపు మోయలేదు కాబట్టి, బండి లేనప్పుడు కంప్యూటరును నిద్రపుచ్చమంది. బండి ఎక్కగానే అదే లేచేలా, తిరుపతి నుంచి వచ్చిన నరేంద్ర అనే మెకానిక్ ఏర్పాటు చేసిపోయాడు.

అతను చెప్పిన తీరు నాకు నచ్చింది. సిస్టమ్ పడుకోవడమంటే దీపం ఆర్పినట్టు కాదట. ఇంటి పెద్దలాగా ఒక్కో పరికరం దగ్గరికీ పోయి, చేతిలో పని ఎంతదాకా వచ్చిందో గుర్తు పెట్టుకోమని చెప్పి, దాని కరెంటు తగ్గించి, అందరూ పడుకున్నాక చివరన తాను పడుకుంటుందట. వాకిట్లో ఒకరికి మాత్రం కాపలా ఉంటుంది. ఇక్కడ ఆ కాపలా ఇనుప పలకది. చక్రం తగిలినా, కాలు మోపినా అది సిస్టమ్‌ను తడుతుంది. సిస్టమ్ లేచి బోర్డును, కెమెరాను, చీటీ మిషన్‌ను, గంటను లేపుతుంది. మంచం తలాపున ఉన్న ఆ గంట గుణశేఖర్‌ను లేపుతుంది.

ఇంత ఇనుము, ఇన్ని వైర్లు చెప్పిన మాట వింటుంటే, వరస చివరన ఉన్న మనిషి చేయవలసింది ఒక్కటే. లేవడం. వాడికి అదే కష్టమైంది.

మొదట తన లుంగీ అంచు చించి గంటలో కుక్కాడు. అయినా అది గుర్రుమంటూనే ఉంది. తర్వాత సెట్టింగులన్నీ వెతికి, ఈ పరికరం సిస్టమ్‌ను నిద్రలేపవచ్చు అనే మాట పక్కనున్న టిక్కు తీసేశాడు. ఉద్యోగంలో చేరాక వాడు శ్రద్ధ పెట్టి చేసిన పని అదొక్కటే. ఇక పలక మీద ఏనుగెక్కినా సిస్టమ్ లేవదు. సిస్టమ్ లేవకుంటే వాడూ లేవడు. సెల్ ఫోను కూడా ఆపేసి పడుకునేవాడు.

మిగిలింది తలుపు కొట్టే మనుషులు. వాళ్ల కోసమే దెయ్యాన్ని కన్నాడు. టీ బంకు దగ్గర ఇద్దరికి చెవిలో చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఊరంతా చాటించడానికి అంతకంటే మంచి దారి లేదు. కొన్నాళ్లకే జనం పొద్దు వాలకముందే వచ్చి తూకం వేసుకుపోవడం మొదలుపెట్టారు. నిర్మలమ్మ అడిగితే, రాత్రిపూట బండ్లే రావడం లేదమ్మా, నేనేం చేసేది అనేవాడు. పాపం, నిజమే చెప్పాడు.

అలా ఉండగా ఒక రాత్రి. గాలి లేదు. ఎక్కడో కుళ్లిన మామిడి వాసన. గుణశేఖర్ మంచి నిద్రలో ఉన్నాడు.

గుర్ర్...

కళ్లు తెరిచాడు. కుక్క అనుకున్నాడు.

గుర్ర్... గుర్ర్...

గొంతులో గుడ్డ కుక్కిన మనిషి మాట్లాడబోతున్నట్టు. అదీ తలాపునే.

గది నీలంగా వెలిగింది. కంప్యూటరు లేచింది.

దాన్ని ఎవరూ లేపలేదు. లేపే హక్కు దేనికీ లేకుండా తన చేతులతో తానే చేశాడు కదా. మంచం మీదే బిగుసుకుపోయాడు. కిటికీ అద్దం మీద ఎర్రటి వెలుగు పడింది — పైన బోర్డు. అద్దం అవతల చీకటి తప్ప ఏమీ కనబడలేదు. మెల్లగా... తల తిప్పకుండా... కళ్లు మాత్రం తెర మీదికి తిప్పాడు.

అరవై.

అంకె పక్కన కెమెరా చూపించే బొమ్మ ఉండాలి. పలక మీద ఎవరున్నా అందులో కనబడాలి. అక్కడ ఒట్టి నలుపు. బరువు ఉంది... మనిషి లేడు.

వాడు టీ బంకు దగ్గర ఎలా చెప్పాడో అలా, ఒక్క ముక్క తగ్గకుండా, ఆ కథ వాడి ముందుకొచ్చి నిలబడింది.

అప్పుడు వినబడింది ఆ పిలుపు. చాలా మెల్లగా, బొంగురుగా.

"గుణా..."

రాత్రిపూట ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదని చిన్నప్పుడు వాళ్ల నాయన నేర్పించాడు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందట. మూడోసారి పిలిస్తే అది మనిషేనట. యజమాని చెప్పిన ఏ మాటా చెవికెక్కని వాడు, ఈ మాటను మాత్రం అక్షరం తప్పకుండా పాటించాడు.

"గుణా... లెయ్ నాయనా..."

దుప్పటి నెత్తి దాకా లాక్కున్నాడు. దెయ్యం అంత ముద్దుగా నిద్ర లేపుతుందా అని ఆలోచించడానికి తీరిక లేదు. మూడో పిలుపు కోసం చెవులు రిక్కించాడు...

దూరంగా రోడ్డు మీద ఎవడో గావుకేక పెట్టాడు. ఇనుప పలక మీద అడుగులు దబదబమన్నాయి. తర్వాత ఏమీ లేదు. దుప్పటి సందులోంచి చూస్తే తెర మీద అరవై పోయి సున్నా ఉంది.

మూడో పిలుపు రాలేదు. అయితే దెయ్యమే అని వాడికి నమ్మకం కుదిరింది. తెల్లారేదాకా దుప్పటి తీయలేదు.

తెల్లారి బయటికొస్తే, కాటాకు మళ్లే చోట రోడ్డు పక్కన ఒక ట్రాక్టరు నిలబడి ఉంది. ట్రాలీ నిండా తోతాపురి. కింద రసం కారి ఈగలు ముసురుతున్నాయి. డ్రైవరు లేడు. చక్రానికి ఆనుకుని, నెత్తిన తుండు వేసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

మునిరత్నం. గుణశేఖర్ వాళ్ల నాయన.

పెనుమూరు పక్కన పల్లె వాళ్లది. ఆ ఏడు తోటలో నిలిచిన కాయంతా ఆ ట్రాలీలోనే ఉంది. టోకెను ఆ రాత్రికే. కాటా వేసేది కొడుకే కదా అని ధీమాగా బయలుదేరాడు. కానీ డ్రైవరు కిరణ్ ఆ కాటా దెయ్యం సంగతి విన్నవాడు. రోడ్డు మీదే బండి ఆపి, చంపినా అక్కడికి రానన్నాడు. ఫోన్ చేస్తే కొడుకు ఎత్తలేదు. సరే, నేను పోయి లేపుకొస్తానని ముసలాయన ఒక్కడే చీకట్లో నడిచొచ్చి పలక ఎక్కాడు. పైన బోర్డు వెలిగింది. రోడ్డు మీదున్న కిరణ్‌కు ఎర్రటి అరవై కనబడింది. ఇక వాడు ఆగుతాడా? కేక పెట్టి, ట్రాక్టరు తాళం చెవి జేబులో ఉండగానే పరుగు తీశాడు. మునిరత్నం వాడి వెనక పరిగెత్తాడు. ఆ వయసులో ఎంత దూరం పరిగెత్తగలడు.

ఫ్యాక్టరీ గేటు మూసేశారు. ఇంకో టోకెను దాకా ఆ పండు ఆగదు.

మధ్యాహ్నం నరేంద్ర వచ్చి చూశాడు. ముందు రోజు సిస్టమ్ కొత్త అప్‌డేటు దించుకుని, సెట్టింగులను మళ్లీ మొదటి తీరుకు తెచ్చుకుంది. గుణశేఖర్ తీసేసిన టిక్కు తిరిగొచ్చి తన చోట కూర్చుంది. పలక తన కాపలా తాను చేసింది. కెమెరా ఒక్కటి సరిగా మేలుకోలేదు, ఒక్కోసారి అలా జరుగుతుందన్నాడు. గంటలోంచి గుడ్డ బయటికి లాగి ఇది ఎవరిదని అడిగాడు. అదే గళ్ల లుంగీ గుణశేఖర్ నడుముకు ఉంది.

అరవై సంగతి కూడా చెప్పాలి. గుణశేఖర్ ఉద్యోగంలో చేరిన రోజు మునిరత్నం వాడిని చూడవచ్చి, సరదాపడి ఆ పలక మీద నిలబడ్డాడు. కొడుకు తెర చూసి చెప్పిన అంకె అది. తర్వాత దెయ్యానికి ఒక బరువు కావలసి వచ్చినప్పుడు వాడి నోటికి ఆ అంకే వచ్చింది.

దెయ్యమనుకున్నానని వాడు చెప్పబోయాడు. మునిరత్నం చెయ్యెత్తి ఆపాడు.

"కంప్యూటరు వెలుతుర్లో నీ మొగం బాగా కనపడింది. నేను పిలస్తానే ఉండా... నువ్వు దుప్పటి లాక్కున్నావు."

అంతే. తుండు దులిపి భుజాన వేసుకుని ట్రాలీ వైపు నడిచాడు.

నిర్మలమ్మ ఆ పూటే గుణశేఖర్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది. అది పెద్ద శిక్ష కాదు, ఉద్యోగం ఎప్పుడు చేశాడు గనక. పారతో తన తోట కాయను తానే రోడ్డు పక్క గుంతలోకి తోశాడు. ఒళ్లంతా రసం, ఈగలు. పోయే బస్సుల్లోంచి జనం చూస్తూ పోయారు. అది కూడా ఒక రోజుతో అయిపోయింది.

అయిపోనిది ఇంట్లో ఉంది. మునిరత్నం ఆ తర్వాత కొడుకును పేరు పెట్టి పిలవలేదు. అన్నం వేళకు, వాడిని రమ్మను అని భార్య అక్కమ్మతో చెబుతాడు. తోటలో పని ఉంటే అదీ ఆమెతోనే చెబుతాడు. కోపంగా చెప్పడు. మామూలుగా చెబుతాడు.

గుణశేఖర్ ఇప్పుడు ఆకు రాలినా లేచి కూర్చుంటాడు. పక్క గదిలో నాయన దగ్గితే లేస్తాడు, మంచం కిర్రుమంటే లేస్తాడు. లేచి, చీకట్లో ఊపిరి బిగబట్టి వింటాడు...

మూడో పిలుపు ఇంకా రాలేదు.