హ్యాండిల్ వెనక గీతలు

నా మేనల్లుడికి ఒక జబ్బుంది. ఎంత మంచి కారు తెచ్చి ముందు పెట్టినా వాడికి కారు కనబడదు, దాని మీద గీతలు కనబడతాయి. పెళ్ళిచూపులకి తీసుకెళ్తే పిల్ల మొహం మీద కూడా టార్చిలైటు వేస్తాడేమోనని మా అక్కయ్యకి బెంగ.

ఒక సాయంత్రం మా కార్ల పాలిష్ షెడ్డు ముందు ఒక అమ్మాయి కారు దిగి ఇంకా తలుపు కూడా వెయ్యలేదు, వీడు లైటు పట్టుకుని బానెట్ మీదకి వంగిపోయాడు.

“ఎవరండీ దీన్ని కడిగింది? గిన్నెలు తోమే పీచు పెట్టి తోమారా?”

“నేనే కడిగాను. పీచు కాదు, పాత తువ్వాలు.”

“రెండూ ఒకటే. ఇటు చూడండి, లైటు చుట్టూ సాలెగూడులా గీతలు!”

“నాకేం కనబడట్లేదే.”

“అయితే కళ్ళు టెస్ట్ చేయించుకోండి.”

ఆ అమ్మాయి తన మెడలో వేలాడుతున్న కార్డు ఎత్తి వాడి ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టింది. కళ్ళద్దాల షాపు కార్డు.

“ఈ అక్షరాలు చదవగలరా? రోజూ జనం కళ్ళు టెస్ట్ చేసేది నేనే. అద్దాలు అరగదీసేదీ నేనే. మీరెప్పుడొస్తారు?”

వాడి చెవులు బ్రేక్ లైట్లలా ఎర్రబడ్డాయి. నేను తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. కారు సంగతేమో గానీ, మావాడి పని అయిపోయిందని నాకక్కడే తెలిసిపోయింది.

ఇంతలో వెనక సీట్లోంచి ఒక పెద్దాయన దిగారు. ఇస్త్రీ చొక్కా, వేలికి లావుపాటి ఉంగరం. ఎక్కడికొచ్చామో తెలియనట్టు బెదురుగా అటూ ఇటూ చూశారు. గబగబా డ్రైవర్ తలుపు దగ్గరికెళ్ళి, హ్యాండిల్ వెనక వేళ్ళు పట్టే గుంట ఉంటుంది చూడండి, అందులో వేళ్ళు పెట్టి తడిమారు.

“ఆఁ, మనదే,” అని హాయిగా నవ్వారు.

“మా నాన్న,” అంది అమ్మాయి గొంతు తగ్గించి. “మతిమరుపు. ఒక్కోసారి నా పేరు కూడా గుర్తుండదు. ఈ కారు మాత్రం మర్చిపోరు. ఇంట్లో ఇంకెవరూ లేరు కదా, రోజూ ఇందులోనే నాతోపాటు షాపుకి తీసుకెళ్తాను. వచ్చేవారం ఆయన పుట్టినరోజు. కొన్న రోజు ఎలా ఉందో అలా చేసి ఇవ్వండి. గీత ఒక్కటి కూడా ఉండకూడదు.”

“ఒక్కటి కూడా ఉండదు,” అన్నాడు మావాడు, ఏదో ఒట్టు వేస్తున్నంత సీరియస్‌గా.

ఇక చూడాలి వాడి పని. కారు కడిగాడు, ఆరబెట్టాడు. పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని కారంతా నిమిరాడు. అలా నిమిరితే కంటికి కనబడని ఇసుక రేణువు కూడా వేలికి తగులుతుంది. రబ్బరు అంచులకి టేపు అంటించి మిషన్‌తో పాలిష్ పట్టాడు. మా షెడ్డులో ఒక రూలుంది: గీత పోకుండా సీలెంట్ వెయ్యకూడదు. సీలెంట్ అంటే రంగు మీద కంటికి కనబడని పొర. కింద గీత ఉండగా వేస్తే ఆ గీతకి కాపలా పెట్టినట్టే.

“ఒరేయ్ అల్లుడూ, ఆ అమ్మాయి వచ్చింది!” అని అరిచేవాణ్ణి మధ్యమధ్యలో.

వాడు మిషన్ ఆపేసి, జుట్టు సర్దుకుని, గేటు దాకా వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు.

“మావయ్యా, నీకు వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు.”

“నీకు రెండూ వచ్చాయిగా, ఆ హ్యాండిల్ దగ్గరే పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావురా?”

మిషన్ పట్టని ఆ గుంటలో, వేలికి గుడ్డ చుట్టుకుని రుద్దుతున్నాడు. అక్కడెవరూ అంత కష్టపడరు. హ్యాండిల్ చాటున ఎవడు చూస్తాడు?

“గీతలు బాగా లోతుగా ఉన్నాయి మావయ్యా. ఆవిడ వేళ్ళు రోజూ తగిలేది ఇక్కడే కదా,” అన్నాడు తలెత్తకుండా.

నేను ఆట పట్టిద్దామనుకుని కూడా ఊరుకున్నాను. అంత ప్రేమగా రుద్దుతున్నవాణ్ణి ఏమంటాం?

కారు తీసుకెళ్ళే సాయంత్రం వాన. చిన్నగా మొదలై, షెడ్డు రేకుల మీద డప్పు కొట్టింది. కారు బయట నిలబెట్టాం. సీలెంట్ అంతకు ముందు రోజే ఆరిపోయింది, భయం లేదు. చినుకు పడటం, గుండ్రంగా దొర్లి జారిపోవడం. ఆ అమ్మాయి గొడుగు కింద నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

“ఏవండీ... ఇది మా కారేనా?”

“కళ్ళు టెస్ట్ చేయించుకోండి,” అన్నాడు మావాడు. ఈసారి ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూసి నేను మనసులోనే పెళ్ళి భోజనాలకి జనాన్ని పిలిచేశాను.

“నాన్నా, చూడండి! మన కారు!”

పెద్దాయన వచ్చి హ్యాండిల్ వెనక వేళ్ళు పెట్టారు. తడిమారు. మళ్ళీ తడిమారు. వేడి గిన్నె తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

“ఇది మనది కాదమ్మా.”

“మనదే నాన్నా. పాలిష్ చేయించాను.”

“కాదు. ఎవరిదో. తప్పు, ముట్టుకోకు.” ఆయన వానలోకి వెళ్ళి రోడ్డు అటువైపూ ఇటువైపూ చూశారు. “మన బండేదమ్మా? ఇక్కడే పెట్టానే...”

ఆ అమ్మాయి గొడుగు పట్టుకుని వెనకాల పరిగెత్తింది. ఎంత బతిమాలినా ఆయన ఎక్కలేదు. కారు మీద ఒక్క చుక్క నిలవట్లేదు, ఆయన మాత్రం తడిసి ముద్దయిపోయారు. చివరికి నేను టాక్సీ పిలిచాను. డ్రైవరు తలుపు తీసి “రండి సార్, కూర్చోండి” అనగానే బుద్ధిగా ఎక్కి కూర్చున్నారు.

ఆ అమ్మాయి వెనక్కొచ్చి హ్యాండిల్ వెనక తన వేళ్ళు పెట్టి చూసుకుంది. మొహం పాలిపోయింది.

“ఇక్కడ ఉంగరం గీతలుండాలి.”

“తీసేశాను,” అన్నాడు మావాడు.

“ఆయన వాటిని తడిమి గుర్తుపట్టేవారు. నాకిప్పుడు తెలుస్తోంది. ఎవరు తియ్యమన్నారు మిమ్మల్ని?” అని, తనే ఆగిపోయింది. “నేనేగా.”

టాక్సీ ఎక్కబోతూ ఒక్కసారి తిరిగింది. “ఎందుకండీ ఇంత బాగా చేశారు?”

పని బాగా చేశాడని వాడిని తిట్టిన మనిషి ఆ అమ్మాయొక్కతే.

మర్నాడు మావాడే కారు వాళ్ళింటికి తోలుకెళ్ళాడు. జేబులో ఒక తాళంచెవి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కారు మీద, ఆ హ్యాండిల్ గుంటలో, గీతలు గీశాడు. పెద్దాయన తడిమి చూసి, “పాపం, ఎవరి బండో, ఎవడో గోకేశాడు” అన్నారు. ఆ అమ్మాయి లోపలికెళ్ళి తలుపేసుకుంది. పాలిష్ తీసేస్తుంది గానీ, తీసేసింది తిరిగి పెట్టదు కదా.

ఆ తర్వాత వాళ్ళింట్లో అంతా తలకిందులైంది. రోజూ టాక్సీ అంటే జీతమంతా దానికే. షాపుకి తీసుకెళ్తే, కారు వెతుక్కుంటానని ఆయన చెప్పకుండా రోడ్డెక్కేస్తున్నారు. దూరంగా ఉండే కొడుకు ఫోన్‌లో ఒకటే మాట: “హోమ్‌లో చేర్పించేద్దాం.” చెల్లెలు ఒంటరిగా ఎంతకని వెనకాల తిరుగుతుంది?

మావాడు రోజూ సాయంత్రం పని ముగించి అక్కడికి పోయేవాడు. అమ్మాయి మాట్లాడేది కాదు. వీడు పెద్దాయన చెయ్యి పట్టుకుని వీధులన్నీ తిప్పేవాడు.

“మనదీ ఇదే రంగు బాబూ. ఇంత మెరవదు.”

“అవునండీ. మెరవకపోతేనే మంచిది.”

షెడ్డులో తలొంచుకుని పని చేసుకుపోయేవాడు. నవ్విద్దామని “ఒరేయ్, ఆ అమ్మాయి వచ్చింది!” అంటే మొదట్లో తలెత్తేవాడు. తర్వాత అదీ మానేశాడు. ఒక మధ్యాహ్నం మళ్ళీ అన్నాను. వాడు గుడ్డ పిండుకుంటూనే ఉన్నాడు.

“ఒరేయ్, ఈసారి నిజంరా!”

“నీకు దణ్ణం పెడతాను, ఊరుకో మావయ్యా.”

“నిజంగానే వచ్చానండీ,” అంది ఆ అమ్మాయి.

కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. “ఆదివారం అన్నయ్య వచ్చి నాన్నని తీసుకెళ్ళిపోతాడు. మీతో నడవటం ఆయనకి అలవాటైంది. ఒకసారి వచ్చి కనబడతారా?”

నేనూ వెంట వెళ్ళాను. ఇంటి ముందు కారు. దాన్నుంచి నాలుగడుగుల దూరంలో, పరాయి ఇంటి గుమ్మం ముందు నిలబడ్డట్టు పెద్దాయన. మావాడు ఏడుపు కనబడకుండా కారు తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూలబడ్డాడు.

పెద్దాయన వంగి లోపలికి చూశారు.

“ఈ బండి నీదా బాబూ?”

మావాడు అమ్మాయి వంక చూశాడు. అమ్మాయి నేల చూపులు చూసింది.

“అవునండీ. నాదే. రండి, కూర్చోండి.”

“ముందే చెప్పొద్దూ! పిలవకుండా పరాయి వాళ్ళ బండి ఎలా ఎక్కుతామయ్యా?” వెనక తలుపు తీసుకుని దర్జాగా కూర్చున్నారు. “పద, నీ బండిలో వెళ్ళి నా బండి వెతుకుదాం. ఏమ్మా, నువ్వూ ఎక్కు. అబ్బాయి మంచివాడు.”

ఆ అమ్మాయి ముందు సీట్లో కూర్చుని, మొహం అటు తిప్పుకుని ఏడ్చింది. కారు కదిలాక మెల్లగా అడిగింది.

“రేపు?”

“రేపూ వస్తాను.”

“రోజూ ఎలా కుదురుతుందండీ?”

“మా మావయ్య అరుస్తాడు. అరవనివ్వండి.”

నేను రోడ్డు మీదే మిగిలిపోయాను. ఎక్కించుకోవాలన్న ధ్యాస ఎవరికైనా ఉంటేగా!

ఆదివారం కొడుకు వచ్చాడు, తండ్రి బుద్ధిగా కారెక్కడం చూశాడు, ఒక్కడే తిరిగెళ్ళాడు. అలాగని పెద్దాయనకి ఏదీ తిరిగి రాలేదు. రోజురోజుకీ ఇంకాస్త పోతూనే ఉంది. ఒక సాయంత్రం నేనూ వెనక సీట్లో ఆయన పక్కనున్నాను. సన్నగా వాన. ఆయన ముందుకి వంగి కూతుర్ని చాలాసేపు చూశారు.

“నువ్వెవరమ్మా?”

పేరు మర్చిపోవడం ఆమెకి అలవాటే. కానీ ఇది వేరు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, నవ్వు తెచ్చుకుంది.

“ఈ బండి అబ్బాయి లేడూ? ఆయన భార్యనండీ.”

గేరు మీద మావాడి చెయ్యి బిగుసుకుపోయింది. వాడు ఇంతవరకూ ఐ లవ్ యూ కూడా చెప్పలేదు, దద్దమ్మ.

“అలాగా! నాకు తెలీనే తెలీదు.” పెద్దాయన సంబరంగా రెండు చేతులూ చాచి ఇద్దరి తలల మీదా పెట్టారు. “చల్లగా ఉండండి. నాకూ ఒక కూతురుంది. దానికీ ఇలాంటివాడు దొరికితే బాగుండు.”

ఆ అమ్మాయి ఆ చెయ్యి తల మీంచి తియ్యనివ్వలేదు. అలాగే పట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు నిజంగానే భార్య. మొన్న వాళ్ళ కారు షెడ్డుకొచ్చింది. మావాడు కడిగి, ఆరబెట్టి, వెనక తలుపు దగ్గర కూర్చుని స్పాంజితో సీలెంట్ పూస్తున్నాడు. వంగి చూశాను. హ్యాండిల్ వెనక గుంటలో సన్నగా, వంకరగా, పెద్దాయన ఉంగరం గీసిన కొత్త గీతలు.

“ఏరా, గీతలు తియ్యకుండానే సీలెంటా?”

“ఇవి పోకూడదు మావయ్యా.”

కుర్చీలో కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి అడిగారు.

“బాబూ, నా బండి కనబడిందా?”

“ఇంకా లేదండీ,” అన్నాడు మావాడు, గుడ్డతో ఆ గీతల మీద మెత్తగా తుడుస్తూ. “రేపు కూడా వెతుకుదాం.”