నిలబడి ఉన్న ఊరు

ఆ ఇంట్లో తెల్లారడమంటే యుద్ధం మొదలవడమే. అమ్మ గిన్నె మీద మూత పెడితే పక్కింటివాళ్ళు మంచాల కింద దూరేవాళ్ళు. నాన్న గొంతు సవరించుకుంటే వీధి కుక్కలు సామాను సర్దుకునేవి. తాతయ్య ఒక్కడే ఏమీ పట్టించుకునేవాడు కాదు. ఆయనకి కుడి చెవి సగమే ఉంది. కుర్రతనంలో ఎక్కిన విమానం ఇంజను ఆ సగంలో ఇంకా తిరుగుతూనే ఉందట. అందుకే ఇంట్లో అరుపులన్నీ ఆయన దాకా వచ్చేసరికి గుసగుసలైపోయేవి.

ఆ రోజు అందరికంటే ముందు లేచింది కందిరీగ. ఆ పిల్లకి అసలు పేరొకటుంది, కానీ అది బళ్ళోనే మిగిలిపోయింది. పసితనంలో ఎత్తుకున్నవాళ్ళనల్లా కరిచేదని తాతయ్య పెట్టిన పేరే ఖాయమైంది. పెద్దయ్యాక కరవడం మానేసి మాటలతో సరిపెట్టుకుంటోంది. అవతలివాళ్ళకి మాత్రం పెద్ద తేడా తెలియలేదు.

లేవడానికి కారణం ఉంది. తను చేసుకోబోయే అంబులెన్స్ డ్రైవరు వాళ్ళ నాయనమ్మని తీసుకొస్తున్నాడు. అతనికి అమ్మా నాన్నా అన్నీ ఆవిడే. ఆవిడ సరేనంటే పెళ్ళి, కాదంటే లేదు. ఆ సంగతి అతను ముందే చెప్పేశాడు, అంబులెన్స్ నడుపుతూ, సైరన్ మోగుతుండగా, అరిచి మరీ చెప్పాడు.

"ఆవిడ ముందు నోరు అదుపులో పెట్టుకో," అంది అమ్మ, సోఫా గుడ్డని చచ్చేట్టు దులుపుతూ.

"నా నోటికేమైంది?"

"ఇంతవరకూ ఏమీ కాలేదు. అదే నా భయం."

నాన్న మాత్రం మంచి హుషారులో ఉన్నాడు. ఆయన పళ్ళ డాక్టరు. ఆయన లెక్కలో లోకంలో వస్తువులు రెండే రకాలు, ఉంచాల్సినవీ పీకాల్సినవీ. ఒకసారి గోడకున్న మేకు పీకబోతే గోడే ఊడొచ్చింది, అయినా మేకు తప్పే అన్నాడు. ఇప్పుడు తాతయ్యది రేకు పెట్టె ఒకటి తెచ్చి హాల్లో టేబుల్ మీద బోర్లించాడు. తోలు టోపీ, పగిలిన కళ్ళజోడు, కెమెరాకి తొడిగే పసుపు రంగు అద్దం, ఒక ఇనప ముక్క, అట్టలు ఊడిన లావుపాటి ఆల్బమ్.

"ఆవిడకివన్నీ చూపిస్తాను," అన్నాడు నాన్న. "యుద్ధంలో విమానం మీంచి ఫొటోలు తీసిన తాత ఎంతమందికుంటాడు? అన్నట్టు, ఆల్బమ్ నిన్న శుభ్రం చేశాను. మీ తాత ప్రతి ఫొటో రెండేసి సార్లు అతికించాడు. ఉన్న ఫొటోనే పక్కన మళ్ళీ ఉంటే మతి పోయిందనుకోరూ? రెండోవన్నీ పీకేశాను. చూడు, ఒక్క కాగితం చిరగలేదు."

"తాతయ్యని అడిగావా?"

"పన్నునడిగి పీకుతామా ఎక్కడైనా?"

అప్పుడే తాతయ్య వచ్చాడు. ఆల్బమ్ తెరిచాడు. ఎడమ పక్క ఫొటో ఉంది, కుడి పక్క జిగురు మరక ఉంది. పేజీ తిప్పాడు. ఫొటో, మరక. ఇంకో పేజీ. ఫొటో, మరక. మెల్లగా తలెత్తాడు.

"రెండోవి ఏవి?"

"చెత్తలో, నాన్నా. ఒకటే ఫొటో రెండుసార్లెందుకు చెప్పు."

ఏళ్ళ తరబడి గొంతెత్తని మనిషి అప్పుడు కూడా ఎత్తలేదు, చెయ్యెత్తాడు. ముందు తోలు టోపీ వచ్చింది, తర్వాత కళ్ళజోడు. నాన్న రెండూ తప్పించుకుని గర్వంగా నిలబడేలోపు ఇనప ముక్క వచ్చింది. యుద్ధంలో విమానం అడుగు చీల్చుకొచ్చి తాతయ్య చెవి పట్టుకుపోయిన ముక్క అది. ఆ వంశం మీద అది రెండోసారి చేసిన ప్రయత్నం. ఈసారి నాన్న నుదురు దొరికింది. రక్తం కనుబొమ్మ దాటి ముక్కు మీంచి చొక్కా మీదికి కారింది.

నాన్న ఊరుకునే రకం కాదు. తండ్రి అని కూడా చూడకుండా రెండు చేతులా నెట్టాడు. తాతయ్య వెళ్ళి అద్దాల బీరువాకి గుద్దుకున్నాడు, అద్దాలు భళ్ళున నేల మీద పడ్డాయి. మధ్యలో దూరిన కందిరీగ పెదవికి నాన్న మోచెయ్యి తగిలి నోరంతా ఉప్పగా అయింది. "చంపేస్తాను నిన్ను," అంటున్నాడు తాతయ్య, మామూలు గొంతుతో, కొడుకు కాలరు పట్టుకుని. అమ్మ పెనం పట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"మామయ్యా, వదలండి. ఏవండీ, మీరూ. ఇంకొక్కళ్ళు చెయ్యెత్తితే తలలు నేనే పగలగొడతాను. పెనం బరువైంది, చూస్కోండి."

కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీసింది కందిరీగే. పెదవి వాచి, జుట్టు రేగి, జాకెట్టు చెయ్యి చిరిగి ఉంది. ఎదురుగా అంబులెన్స్ డ్రైవరు, అతని పక్కన చేతికర్రతో నిటారుగా నిలబడ్డ పెద్దావిడ. అతను లోపలికి తొంగి చూశాడు. నేల మీద రక్తం, గాజుపెంకులు. ఉద్యోగం అలవాటు కొద్దీ ఒకే మాట అడిగాడు.

"ముందు ఎవరికి?"

నాన్న నుదుటికి అతను కట్టు కడుతుండగానే నాన్న మర్యాదలు మొదలెట్టాడు. "మా ఇంట్లో ఎప్పుడూ ఇలాగే ఉంటుందనుకోకండి," అన్నాడు, ఎప్పుడూ అలాగే ఉండే ఇంట్లో. ఆల్బమ్ ఆవిడ ముందుకి జరిపాడు. ఆవిడ విరగని కుర్చీ ఒకటి చూసుకుని కూర్చుంది. మర్యాద కోసం రెండు పేజీలు తిప్పింది. మూడో పేజీ తిప్పబోయి ఆగిపోయింది.

కందిరీగ ఆవిడ భుజం మీంచి చూసింది. తనకి చిన్నప్పట్నుంచీ తెలిసిన ఫొటోనే. పైనుంచి తీసిన ఏదో ఊరు. మెలిక తిరిగిన నది, అగ్గిపెట్టెల్లాంటి కప్పులు. కింద పేరు లేదు. తాతయ్య దేనికీ పేరు రాయలేదు.

పెద్దావిడ వేలు నది మెలిక వెంట నడిచింది.

"ఇది దారాల మిల్లు," అంది. "ఇది మిల్లు గొట్టం. ఇది మా వీధి."

ఆవిడ నది అవతలి మనిషని కందిరీగకి తెలుసు. అప్పట్లో అది శత్రువుల ఊరు, ఇప్పుడు గంటకో బస్సుంది. అంతకుమించి ఆవిడ మనవడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"ఎవరు తీశారిది?"

"నేనేనమ్మా," అన్నాడు తాతయ్య, బీరువాకి ఆనుకుని నేల మీద కూర్చునే.

"ఎప్పుడు?"

తాతయ్య అబద్ధం వెతుక్కోలేదు. "బాంబులు పడే ముందు రోజు పొద్దున."

"అయితే ఎక్కడ వెయ్యాలో ఇది చూసే వచ్చారన్నమాట."

"మిల్లు కోసం వచ్చారు."

"మిల్లు ఇప్పటికీ ఉంది. మా వీధే లేదు."

అంత వయసు మనిషిలో అంత బలం ఎక్కడిదో ఎవరికీ తెలియదు. చేతికర్రతో మొదటి దెబ్బ తాతయ్య భుజం మీద పడింది. రెండోది ముక్కు మీద పడి చప్పుడైంది, ఆ చప్పుడికి అమ్మ చేతిలో పెనం జారిపోయింది. ఇందాక తండ్రిని నెట్టిన నాన్నే ఇప్పుడు అడ్డంగా పడ్డాడు. కొత్త కట్టు మీదే దెబ్బ తిని, మళ్ళీ రక్తం కారుతున్నా పక్కకి జరగలేదు. "మా నాన్నని కొట్టకండి," అన్నాడు చిన్నపిల్లాడిలా. తాతయ్య కొడుకుని చేత్తో తప్పించాడు.

"నువ్వు జరుగు. కొట్టనీ."

మనవడు కర్ర పట్టుకున్నాడు. ఆవిడ కర్ర వదిలేసి ఒట్టి చేతుల్తో కొట్టింది. అలిసిపోయేదాకా కొట్టి, గోడ పట్టుకుని నిలబడింది.

"రొట్టె తెమ్మని పంపింది మా అమ్మ," అంది. "తెచ్చేసరికి వీధి లేదు. మా అమ్మని చెప్పు చూసి గుర్తుపట్టాను. చెప్పూ, అందులో పాదం. అంతే దొరికింది."

ఆ ఇంట్లో మొదటిసారి ఎవరూ మాట్లాడలేదు. వీధి కుక్కలు కూడా ఏమైందో చూడ్డానికి గేటు దగ్గరికొచ్చాయి.

"పదరా," అంది పెద్దావిడ. "ఈ ఇంటి పిల్ల మనకొద్దు."

"నాయనమ్మా, తను ఏం చేసింది?"

"నేనేం చేశాను అప్పుడు? రొట్టె కొన్నాను."

అతను కందిరీగ వైపు చూశాడు. అతను మందుల సంచీ మూశాడు, జేబులు తడుముకున్నాడు. "బండి తాళం కనపడట్లేదు," అన్నాడు. తాళం అతని చేతిలోనే ఉంది. అందరికీ కనిపిస్తోంది.

ముక్కు నుంచి కారే రక్తం తుడుచుకుంటూ తాతయ్య అన్నాడు, "కందిరీగా. దీని రెండోది పట్రా."

కందిరీగ పెరట్లోకి పరిగెత్తింది. డబ్బా ఖాళీగా ఉంది. చెత్త బండి వీధి మలుపు తిరుగుతోంది. చెప్పుల్లేకుండా దాని వెంటపడి, వెనక రేకు పట్టుకుని ఎక్కేసింది. బండిమీద మనిషి చెయ్యి పట్టి లాగితే, చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ కరిచింది. మరీ పసితనంలోలా కాదు, కొంచెం లోతుగా. తర్వాత క్షమించమంది. సంచులన్నీ చింపింది. కుళ్ళిన తొక్కల కింద ఫొటోల కట్ట దొరికింది. నది మెలిక, మిల్లు గొట్టం ఉన్నది వెతికి, గుండెకి అదిమిపెట్టుకుని వెనక్కి వచ్చింది.

వచ్చేసరికి అతను ఇంకా తాళం వెతుకుతూనే ఉన్నాడు.

తాతయ్య తన గది నుంచి నాలుగు కాళ్ళమీద నిలబడే జంట అద్దాలు తెచ్చాడు. అది విరిగిన కళ్ళజోడని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు. ఆల్బమ్‌లో ఫొటో పక్కన కందిరీగ తెచ్చింది పెట్టాడు. మరక తుడిచి, రెండూ గోటితో కొంచెం కొంచెం జరిపాడు.

"రెండూ ఒకటి కావు," అన్నాడు కొడుకు వైపు చూడకుండా. "విమానం కాస్త ముందుకెళ్ళాక తీసింది రెండోది. ఒక కన్ను దీన్నీ, ఇంకో కన్ను దాన్నీ చూడాలి. అప్పుడే ఊరు లేచి నిలబడుతుంది." పెద్దావిడ వైపు తిరిగాడు. "బాంబులు పడ్డాక కూడా ఫొటోలకి నన్నే పంపారు. అవన్నీ ఆఫీసులో ఇచ్చేశాను. నిలబడి ఉన్నవే ఉంచుకున్నాను. ఒక్కసారి చూడమ్మా. తర్వాత వెళ్ళిపోండి."

"నాకేం చూపిస్తావు నువ్వు?"

తాతయ్య రెండు చూపుడువేళ్ళూ ఫొటోలు కదలకుండా అదిమి పట్టుకున్నాయి. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళింది. వెనక్కొచ్చి, వంగి, అద్దాలకి కళ్ళు ఆనించింది.

ముందు ఏమీ లేవలేదు. తర్వాత ఆవిడ రెండు చేతులా టేబుల్ అంచు పట్టుకుంది.

"మిల్లు గొట్టం లేచింది," అంది గొణుగుతున్నట్టు. "అమ్మో, ఎంత పొడుగు. ఇదిగో మా మెట్లు. డాబా మీదికి మెట్లు. గోడకి ఇటుక ఊడిపోయి ఉండాలి..." మాట ఆగింది. "తీగ మీద బట్టలున్నాయి. తెల్ల దుప్పటి. పొద్దున్నే ఉతికేసింది. ఆ రోజు కూడా ఉతికేసింది మా అమ్మ."

టేబుల్ మీద నీళ్ళు పడటం మొదలెట్టాయి. నాన్న చేతిరుమాలు తీశాడు, అది రక్తంతో ఉందని చూసుకుని మళ్ళీ దాచుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా చెప్పులేసుకుని చెత్త బండి వెళ్ళిన వైపు వెళ్ళాడు, మిగతావి ఏరుకురావడానికి.

తాతయ్య వేళ్ళు వణకడం మొదలైంది. విమానం చుట్టూ గుండ్లు పేలుతుంటే వణకని చేతులవి. ఫొటోలు అటూ ఇటూ జరిగాయి.

"కదపకు," అంది పెద్దావిడ, కళ్ళు తియ్యకుండానే. "మా ఇల్లు ఊగుతోంది."

తాతయ్య బిగపట్టాడు. ఆగలేదు. ఆయన మొహం మీది రక్తమూ కన్నీళ్ళూ కలిసి గడ్డం మీదికి జారుతున్నాయి. కందిరీగ వచ్చి ఆ రెండు చేతుల మీదా తన చేతులు వేసి అదిమింది.

ఇల్లు నిలబడింది.

పెద్దావిడ చాలాసేపు అలాగే చూసింది. ఆవిడ తాతయ్యని క్షమించానని అనలేదు, తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. వంగినట్టే ఉండి, పక్కన తడిమి కందిరీగ మణికట్టు పట్టుకుంది.

"మా ఇంటికొచ్చేటప్పుడు ఇవి తెచ్చుకో," అంది. "రెండూ తేవాలి. ఒక్కటి తెస్తే గడప తొక్కనివ్వను."

గుమ్మం దగ్గర తాళం కింద పడిన చప్పుడైంది.