నైవేద్యం బల్లకి చిల్లు

బల్ల మధ్య నుంచి గుండ్రటి చెక్కముక్క ఊడి కాళ్ళ దగ్గర పడగానే బో-చున్ కోత మిషన్ ఆపి ఈల వేశాడు. ఆ ఈల సగంలో ఉండగానే గరాజు ముందు కేక వినపడింది.

"అయ్యో! మా తాత బల్ల!"

బో-చున్ తలెత్తి చూశాడు.

వచ్చింది ఫాంగ్-యూ. చెత్త లారీ పాట మోగించుకుంటూ వచ్చే వేళకి సందు చివర సంచీతో నిలబడే అమ్మాయి. ఆమెతో ఒక్క మాట కలుపుదామని బో-చున్ ఇంట్లో లేని చెత్త కూడా పోగుచేసుకుని రోజూ వెళ్ళేవాడు. ఆ మాట మాత్రం పెదవి దాటేది కాదు. ఇవాళ ఆమే వెతుక్కుంటూ వచ్చింది, అదీ కళ్ళల్లోంచి నిప్పులు కురిపిస్తూ.

"ఇది... మీదా?"

"మాది కాకపోతే దారినపోయేవాళ్ళదా? కడిగి ఆరబెట్టి లోపలికి వెళ్ళొచ్చేసరికి మాయం! రంపపు చప్పుడు విని వచ్చాను కాబట్టి సరిపోయింది."

"లారీ ఆగే చోట స్తంభానికి ఆనించి ఉంటేనూ... ఎవరో పారేశారనుకున్నా."

"మన వీధిలో ఎవరైనా చెత్త నేల మీద పెడతారా? లారీ వచ్చేదాకా చేత్తో పట్టుకునేగా నిలబడతాం! రోజూ వస్తావుగా, ఎప్పుడూ చూడలేదా?"

"నేను చూసేది చెత్తని కాదు" అనబోయి బో-చున్ నాలిక కరుచుకున్నాడు.

ఆ ఫెంగ్-యువాన్ ఊళ్ళో సగం మంది లాగే అతనూ మిషన్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. సెలవు రోజున చెక్క పట్టుకోకపోతే అతనికి తోచదు. చెక్క అంచులు చెక్కే పాత రూటర్ మిషన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. దాన్ని తలకిందులు చేసి బల్ల కింద బిగిస్తే, చిల్లులోంచి బ్లేడు పైకి వస్తుంది. చెక్కని దాని పక్కగా తోస్తే చాలు, అంచు నున్నగా తెగుతుంది. అలాంటి బల్ల షాపులో ఎంతో అడిగి కళ్ళు తేలేశాడు. అందుకని విరిగిన మంచం కోళ్ళు కాళ్ళయ్యాయి, అలమర పలక పక్కపట్టీ అయింది. పై పలక ఒక్కటే కరువై ఉండగా పొద్దున్నే ఈ బల్ల కనపడింది. అంత చదునైన బల్లని పారేసిన మారాజు ఎవరా అని దండం కూడా పెట్టుకున్నాడు.

"ఇవాళేంటో తెలుసా నీకు? ఏడో నెల పౌర్ణమి!"

బో-చున్ కొయ్యబారిపోయాడు. మధ్యాహ్నం వీధి వీధంతా ఇంటి ముందు బల్లలు వేసి, దిక్కులేని ఆత్మలకి, ఆ 'మంచి అన్నదమ్ములకి', వడ్డించే రోజు. ఈ మతిమాలిన మనిషికి అదే గుర్తులేదు.

"ఈ బల్ల తాత తన చేతుల్తో చేశాడు" అంది ఫాంగ్-యూ. గొంతు తగ్గింది. "ఆయన పోయాక నానమ్మ ఇంకో బల్ల మీద వడ్డించనే లేదు. బజారు నుంచి వచ్చి చూస్తే తిట్టదు తెలుసా? ఏడుస్తుంది. అది నేను చూళ్ళేను."

తిట్టి ఉంటే బో-చున్ తట్టుకునేవాడు. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు చూశాక మాత్రం వల్ల కాలేదు.

"అతుకు వేస్తాను. కోసిన ముక్క ఇక పట్టదు, చుట్టూ అంచుని రంపం మింగేసింది. ఇదే జాతి చెక్క కావాలి."

చుట్టూ చూశాడు. మూలనున్న కొత్త స్టూలు తీశాడు. సైప్రస్ చెక్కతో, అద్దంలా మెరుస్తోంది. ఒక్క క్షణం తటపటాయించి, కూర్చునే పలక మీద రంపం పెట్టాడు.

"ఏయ్, ఏయ్! బంగారంలాంటి స్టూలుని కోస్తావేంటి? ఎవరికోసం చేశావో!"

"లారీ కోసం రోజూ నిలబడే ఒకమ్మాయి కోసం. కాళ్ళు నొప్పి పుడతాయేమోనని."

ఫాంగ్-యూ అతుకు కూర్చునేదాకా బల్ల గట్టిగా పట్టుకుంది గానీ, అతని మొహం వంక చూడలేదు.

అతుకు బిగువుగా కూర్చుంది. కానీ కొత్త చెక్క తెల్లగా, దూరానికే కనపడుతోంది. బల్లని ఇంట్లోకి చేర్చారో లేదో, నానమ్మ బాతుమాంసం సంచీతో గుమ్మంలో ప్రత్యక్షమైంది.

ఆవిడ చూపు అతుకు మీద ఆగింది. సంచీ జారి నేల మీద పడింది.

"తప్పు నాదే బామ్మగారూ! పారేశారనుకుని తీసుకెళ్ళి చిల్లు పెట్టేశాను."

నానమ్మ తిట్టలేదు, ఏడవలేదు. అతుకు మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత తాత పూజాపీఠం ముందు అగరొత్తి వెలిగించి, పోయినవాళ్ళ మాట అడిగే నెలవంకల్లాంటి జంట చెక్కలు తీసింది.

"బల్ల ఆయనది. ఆయన్నే అడుగుదాం. ఏమయ్యా, కోపమొచ్చిందా?"

చెక్కలు వేసింది. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే పెద్దాయన నవ్వుతున్నాడన్నమాట. అవునూ కాదు, కాదూ కాదు. మళ్ళీ వేసింది. నవ్వే. మూడోసారీ నవ్వే.

"బల్లకి చిల్లు పడితే ఈ ముసలాయనకి నవ్వెందుకు?" నానమ్మ బిత్తరపోయింది.

ఫాంగ్-యూ చటుక్కున వంగి చెక్కలు అందుకుంది. చెవులదాకా ఎర్రబడింది.

"తాతా, ఈ బల్లదొంగ నాకు నచ్చాడు. నీకు సమ్మతమేనా?"

చెక్కలు నేలమీద దొర్లి ఆగాయి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

సమ్మతం.

"ఓసి నీ దుంపతెగ! నేనడిగింది బల్ల సంగతే!"

"ఆయన నవ్వింది ఈ సంగతికేమో నానమ్మా."

నానమ్మ బో-చున్ వైపు తిరిగింది. "ఏం నాయనా, నోరు పడిపోయిందా?"

అతను ఏదో ఒకటి అనాలని, అనకూడనిదే అన్నాడు. "ఇలాంటివి... వరసగా మూడుసార్లు పడితేనే ఖాయం అంటారు కదండీ?"

ఫాంగ్-యూ చూపుకి అతను అక్కడికక్కడే మాడిపోవాల్సింది. ఈలోగా నానమ్మ చెక్కలు లాక్కుని జేబులో వేసుకుంది.

"చాల్లే! మళ్ళీ వేస్తే ఆ ముసలాయన మాట మారుస్తాడు, బతికినన్నాళ్ళూ అదే పని. ఇద్దరూ చెరో పక్క పట్టి బల్ల వీధిలో వెయ్యండి. వచ్చే అన్నదమ్ములు ఆకలి మీదుంటారు."