బరువుబావిలో కదిరప్ప

"మాస్కులు తియ్యకండీ, గాలి తెల్లదిబ్బ మీదుగా వస్తోంది," అని హంసవేణి పొద్దుట్నుంచి నాలుగోసారి చెప్పింది. చెప్పినంతసేపూ మాస్కులు ముక్కుల మీదే ఉంటాయి, ఆమె అటు తిరగ్గానే గడ్డాల కిందికి జారతాయి. బంగారం కోసం సైనైడ్‌తో కడిగి పారబోసిన రాతిపిండి అది, ముఖానికి పూసుకునే పౌడరు కాదు. ఆ మాట కాస్త గట్టిగానే అందామనుకుని మింగేసింది. సందర్శకుల దగ్గర గొంతు పెరిగితే చెవిలో దూర్చుకున్న చెవిపలుకు ఊరుకోదు, వెంటనే తూకం అనే యంత్రానికి చేరవేస్తుంది.

జాజుకొండలో ఇప్పుడెవరూ కాపురం లేరు. బంగారం అడుగంటి గని మూతబడ్డాక నాలుగు వేల ఇళ్లూ ఖాళీ అయ్యాయి. రేకులు ఎవరెవరో పట్టుకుపోయారు, తలుపులు పొయ్యిల్లోకి పోయాయి. మొండిగోడలు మాత్రం కొండవాలు మీద వీధులు వీధులుగా నిలబడి ఉన్నాయి. దొరల క్లబ్బు, ఆసుపత్రి, బిళ్ళల గది, చివరికి గనిలోకి దిగే రెండో నంబరు బావి. జట్టుకు పన్నెండు మంది, రోజుకు రెండు జట్లు. మూడేళ్లుగా ఆమెకిదే నడక, ఇవే మాటలు.

ఇవాళ మాత్రం ఒక్కటే జట్టు. నాలుగింటికి బావిలోకి మొదటి దించుడు ఉంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా హంసవేణికి కాలు ఒకచోట నిలవడం లేదు. క్లబ్బు దగ్గర చెప్పాల్సినవి ఆసుపత్రి దగ్గర చెప్పింది, ఆసుపత్రి దగ్గర ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

దించుడంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మధ్యాహ్నం ఎండ కరెంటు మిగిలిపోతుంది. దాంతో వెయ్యి టన్నుల ఇనపదిమ్మెలను బావి మీదికి లాగి నిలబెడతారు. పొద్దు వాలేవేళ ఒక్కొక్కదాన్నే నిదానంగా వదులుతారు. అది ఎనిమిది వందల మీటర్లు దిగుతూ దిగుతూ కింది ఊళ్లకు కరెంటు పంపుతుంది. అలాంటివి పద్దెనిమిది దిమ్మెలు, అరవై ఊళ్లు. ఎవరికెంత వెలగాలో, ఏ దిమ్మె ఎప్పుడు కదలాలో చూసుకునేది తూకం. అయితే దానికీ ఒక ముక్కుతాడు ఉంది. ఎక్కడో ఇలాంటి బరువుబావిలో యంత్రం లెక్క తప్పి ఇద్దరు నలిగిపోయిన తర్వాత చట్టం తెచ్చారు. లోపల ఎవరూ లేరని బావి అంచున నిలబడి ఒక మనిషి నోటితో చెప్పాలి. ఆ మాట చెప్పేవాళ్లను నరసాక్షులంటారు. హంసవేణి ఉద్యోగం అది. జనానికి ఊరు చూపించడం పైపని.

బిళ్ళల గదిలో గోడంతా మేకులు. "గనిలో దిగేముందు ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని మెళ్లో వేసుకునేవాడు. పైకొచ్చాక మళ్లీ మేకుకు తగిలించేవాడు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు," అని హంసవేణి గడగడా అప్పజెప్పింది.

జట్టులో ఒక రిటైర్డు లెక్కల మాస్టారున్నారు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "లెక్క ఎప్పుడూ తప్పలేదామ్మా?" అని అడిగారు.

"రికార్డు ప్రకారం తప్పలేదండీ."

"తప్పింది," అంది వెనక నుంచి ఒక గొంతు.

అందరూ తిరిగి చూశారు. గడప మీద మునిరత్నమ్మ నిలబడి ఉంది. ఎనభై ఏళ్ల మనిషి, చేతిలో కర్ర కూడా లేదు. ఈ నెలలో ఆమె రావడం ఇది మూడోసారి. మొదటిసారి వచ్చినప్పుడే హంసవేణిని పక్కకు పిలిచి విషయమంతా చెప్పింది. రెండోసారి నాటికి హంసవేణి ఆమె తరఫున తూకానికి మూడు అర్జీలు పెట్టింది. మూడింటికీ ఒకటే జవాబు: మౌఖికం, ఆధారం లేదు.

"చెప్పండమ్మా," అన్నారు మాస్టారు.

మునిరత్నమ్మ ఆయనకే చెబుతున్నట్టు మొదలుపెట్టింది. "మా జేజినాయన, మా నాయనకు నాయన, పేరు కదిరప్ప. పగటి షిఫ్టు చేసి పైకొచ్చి బిళ్ళ తగిలించినాడు. అప్పుడు ఓబులేసు అనే ఆయప్ప ఉరుక్కుంటా వచ్చినాడంట, పెండ్లానికి నొప్పులు పడతా ఉండాయని. నువ్వు ఇంటికి పో, నీ బిళ్ళ నాకియ్యి అని మా జేజినాయన ఆ బిళ్ళేసుకుని మళ్లీ దిగినాడు. గుమాస్తాకు చెప్పకుండా ఒకరి బిళ్ళ మీద ఒకరు దిగడం ఇక్కడ మామూలే. తెలిస్తే ఉద్యోగం పోతాది, అయినా చేస్తా ఉండ్రి. ఆ రాత్రి పన్నెండో అంతస్తులో రాయి పేలి కప్పు కూలింది."

"తర్వాత?"

"తర్వాతేముంది సామీ. మా జేజినాయన బిళ్ళ మేకుకు ఉండాది, అంటే పైకొచ్చినట్టు. ఓబులేసు మేకు ఖాళీ, కానీ ఓబులేసు నిక్షేపంగా ఎదురుగా ఉండాడు. బిళ్ళ పోయిందని రాసి ఆయప్పకు కొత్తది ఇచ్చినారు. మా జేజినాయన పనిలోకి రాలేదు గాబట్టి చెప్పాపెట్టకుండా పారిపోయినాడని రాసినారు. లోపల ఎవరూ చావలేదని తేల్చేసినారు."

"ఓబులేసు నోరు విప్పలేదా?"

"ఇరవై నాలుగేండ్లకు విప్పినాడు. చచ్చేముందు మా జేజిని పిలిపించుకుని చెప్పినాడు. చెబితే కంపెనీ ఇల్లు పోతాది, పచ్చి బాలింత యాడికి పోతాదని నోరు పెగల్లేదంట. నాకప్పుడు పన్నెండేండ్లు. నా చెవుల్తో విన్యా."

ఫోటోలు తీసుకుంటున్న కొత్తజంట ఫోను దించేసింది. చెవిపలుకులో తూకం హంసవేణికి మెత్తగా గుర్తు చేసింది, జట్టు పదకొండు నిమిషాలు ఆలస్యమని. ఆమెకు ఒళ్లు మండింది.

మూడుంపావుకు బస్సు వచ్చింది. పదకొండు మంది ఎక్కారు. మునిరత్నమ్మ ఎక్కకుండా బావి దగ్గరి సిమెంటు మెట్టు మీద చతికిలబడింది. ఆమెను వదిలి బస్సు కొండ దిగిపోయింది.

"అవ్వా, నాలుగింటి తర్వాత ఈడ ఎవరూ ఉండకూడదు. ఇంకో బండి పిలిపిస్తా, లెయ్యి."

"నాలుగు కానీ పాపా. పోతాలే."

హంసవేణి బావి చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్లీ తిరిగింది. పైన మొదటి దిమ్మె ఉక్కుతాళ్లకు వేలాడుతూ, గాలికి కదలకపోయినా ఏదో సన్నగా మూలుగుతోంది. "ఏం కావాలవ్వా నీకు? నేను చేయగలిగింది చేసినా. అర్జీలు పెట్టినా."

"నీ మీద నాకేం కోపం లేదు. నాకు కావాల్సింది ఒకటే. ఎవరన్నా దిగి చూడాల. బొమికలుంటే ఉంటాయి, లేకుంటే లేదు. మా నాయన బతికినన్నాళ్లు పారిపోయినోని కొడుకే. ఆయన పెండ్లికి పిల్లనిచ్చేదానికి రెండూర్లు జంకినాయి. ఆ దిమ్మెలు పడితే పన్నెండో అంతస్తు దావ మూసుకుపోతాది. ఇంక ఎవరు చూసేది?"

ఆమె అన్నది నిజమే, అదే హంసవేణిని కుదురుగా నిలబడనివ్వడం లేదు. దిమ్మెలు ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆ అదురుకు పన్నెండో అంతస్తు ద్వారం రెండు రోజుల్లో కూలి పూర్తిగా మూసుకుపోతుంది. పురుగుకన్ను అని ఒక యంత్రం ఉంది, పిడికెడంత సందున్నా దూరి చూసి వస్తుంది. పూట పని. మూడు అర్జీల్లోనూ ఆమె అడిగింది ఆ పూటే.

మూడున్నరకు ఏకాంబరం సారు చెవిపలుకులోకి వచ్చాడు. కింద కంట్రోల్ రూములో ఇంజనీరు. మనిషి చెడ్డవాడు కాదు. "వేణీ, ఆ పెద్దామెను ఇంకా పంపలేదంట?"

"పంపుతా సార్. సార్, ఒక్క పూట ఆపితే..."

"మళ్లీ అదే మాటా? నాకు మాత్రం జాలి లేదా చెప్పు. అరవై ఊళ్లకు ఈ సాయంత్రం వాటా మన బావి మీద వేసేశారు. ఎవరో ఎప్పుడో చెప్పిన నోటిమాట పట్టుకుని ఆపమంటే నన్ను చూసి నవ్వుతారు. రేపట్నుంచి నువ్వు కిందికి వచ్చేస్తున్నావు, నీ పక్క సీటు నాదే. ఉన్న ఒక్క రోజు బుద్ధిగా గడుపు తల్లీ."

ఆ కింది ఉద్యోగం కోసం హంసవేణి మూడేళ్లు ఎదురుచూసింది. ఈ గాలి, ఈ దిబ్బ, మొండిగోడల మధ్య తన గొంతు తనకే వినబడడం, వీటన్నిటి నుంచి బయటపడాలని ఎన్ని మొక్కులు మొక్కిందో. ఇప్పుడు ఆ ఆర్డరు చేతికొచ్చాక సంతోషం రావడం లేదేమని తన మీద తనకే విసుగొచ్చింది. నోటిమాట పనికిరాదట. మరి నాలుగింటికి తను చెప్పబోయేది ఏమిటి? ఈ బావిలోకి ఎన్నడూ దిగని మనిషి నోటిమాట మీద వెయ్యి టన్నులు కదులుతాయి. తన చెవులతో విన్న మనిషి నోటిమాట మీద ఒక పురుగుకన్ను కదలదు.

"పాపా, కూర్చో. కాళ్లు పీకుతాయి," అంది మునిరత్నమ్మ.

"కూర్చోలేకుండా ఉండానవ్వా."

నాలుగయింది. సైరను మోగింది. హంసవేణి పసుపుగీత మీదికి వెళ్లి నిలబడింది.

"నరసాక్షి హంసవేణి," అంది తూకం. "రెండో నంబరు బావి. లోపల ఎందరు?"

శూన్యం అనాలి. దిమ్మె కదపని ప్రయోగాల్లో నలభై సార్లు అంది. నాలుక మీదికి అదే వచ్చింది, పళ్లదాకా వచ్చి ఆగింది. వెనక్కి చూస్తే ముసలామె ఇటు చూడడం లేదు, చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నేలవైపు తిరిగి ఉంది. ఆ మాట వినడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"ఒకరు," అంది హంసవేణి.

"పరికరాల లెక్క శూన్యం. దయచేసి మళ్లీ చెప్పండి."

"ఒకరున్నారు."

"వేణీ," అని ఏకాంబరం గొంతు అడ్డం వచ్చింది. "ఏమంటున్నావో తెలిసే అంటున్నావా? వెనక్కి తీసుకో. ఇప్పటికైనా మించిపోయింది లేదు."

హంసవేణికి భయం వేసింది, నిజంగానే వేసింది. రేపటి ఉద్యోగం సంగతి తర్వాత, ఈ సాయంత్రం అరవై ఊళ్లలో చీకట్లో ఎవరెవరు ఏమేం తిట్టుకుంటారో అనుకుంది. వాటిలో ఆమె అక్క ఇల్లూ ఉంది.

"పేరు?" అంది తూకం.

"కదిరప్ప. ఓబులేసు బిళ్ళ మీద దిగినాడు."

"దిగిన సమయం?"

"తొంభై రెండేళ్ల కింద, రాత్రి షిఫ్టు."

బరువుబావి అంచున నరసాక్షి మాటే చివరి మాట అని తూకానికి నేర్పింది మనుషులే. ఆ మాట ఎంత పాతదై ఉండాలో నేర్పడం మర్చిపోయారు.

"లెక్క సరిపోలేదు," అంది తూకం. "దించుడు నిలిపివేయబడింది. లోపల మనిషి ఉన్నందున గాలింపు తప్పనిసరి. పురుగుకన్ను పన్నెండో అంతస్తుకు బయలుదేరుతోంది. కింది ఊళ్లకు కరెంటు కోత సమాచారం వెళ్లింది."

తలపైన తాళ్లు బిర్రున బిగుసుకుని దిమ్మె వేలాడినచోటే ఉండిపోయింది. ఏకాంబరం ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, అవి ఆమె చెవికెక్కడం లేదు.

"లోపలి మనిషి తాలూకు వాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది తూకం. "నమోదు కావాలి."

హంసవేణి చెవిపలుకు తీసి, గొంతు బయటికి వినబడేలా పెట్టి, మునిరత్నమ్మ దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. పొద్దుట్నుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు. "అవ్వా, నిన్ను అడగతా ఉండారు. దీంట్లో చెప్పు."

ముసలామె కొంగు తీసింది. ఆ చిన్న నల్లపూసంత వస్తువును అరచేతిలో పెట్టుకుని కాసేపు దాన్నే చూసింది.

"నేనుండా," అంది. "మనమరాల్ని."

"నమోదయింది. ఇంకేమైనా చెప్పాలా?"

"పారిపోలేదని గూడా రాసుకో నాయనా."

"రాసుకున్నాను," అంది తూకం.