పావోరా హాజరు

శనివారం పొద్దున్నే రిపెకా రొట్టెల పిండి పిసుకుతుంటే గుమ్మం ముందు గుర్రం ఆగింది. బడి హెడ్మాస్టరు దొర దిగాడు. బూట్ల బురద మెట్టు అంచుకి గీకి, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. దండెం మీద పాముచేపలు ఆరుతున్నాయి. జూలైలో ఈ లోయకి వచ్చినప్పటి నుంచీ ఆయన ఏ ఇంటికి వెళ్లినా రుమాలు తీస్తాడు.

"శుభవార్త తెచ్చానమ్మా, మీ అబ్బాయికి," అన్నాడు, మావోరీ మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ.

ఆయనిచ్చిన కాగితం మీద కిరీటం బొమ్మ ఉంది. దాని కింద పేరు. రిపెకాకి ఇంగ్లీషు చదవడం అంతగా రాదు. ఆ పేరు చదవగలదు. పావోరా.

"నేను వచ్చినప్పటి నుంచీ ఒక్కరోజు నాగా లేదు. ఇలాంటివాడు మా బళ్లో ఇంకొకడు లేడు. మా పంతులమ్మ, మీ కరరైనా చూడండి, సొంత తమ్ముడై ఉండి ఒక్క మాట చెప్పలేదు! ఏడీ? చెయ్యి కలిపి వెళ్తాను."

రిపెకా పిండి చేత్తోనే ఇంటి వెనక గుట్ట వైపు చూపించింది. "అక్కడున్నాడు."

"గొర్రెల దగ్గరా? పనిమంతుడే!" తోటలో చిలగడదుంప తీగలు నాటుతున్న చిన్నకూతుళ్లిద్దర్నీ చూశాడు. "వీళ్ల పేర్లూ హాజరు పట్టీలో ఉన్నాయి. ఒక్కరోజూ రారు. వాణ్ణి చూసి నేర్చుకోమనండి."

గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

గుట్ట మీద గొర్రెలు లేవు. సమాధులున్నాయి. పావోరాని జూన్‌లో అక్కడ పెట్టారు. ఏడేళ్లవాడు. టైఫాయిడ్‌తో పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాడు.

రిపెకా కాగితాన్ని పట్టకారుతో పట్టుకుని పెరడు దాటించింది. పోయినవాళ్ల వస్తువు తిండి ఉన్న చోటికి రాకూడదు. కంచె గుంజ మీద పెట్టి పైన రాయి బరువు పెట్టింది. పిండంతా పందులకి వేసింది.

పెద్దకూతురు కరరైనా మధ్యాహ్నానికి ఏటి నుంచి ఉతికిన బట్టలతో వచ్చింది. పందొమ్మిదేళ్లు. రెండేళ్లుగా ఆ బళ్లో పసిపిల్లల గది ఆమెదే. పసిపిల్లల చీమిడి ముక్కులు హెడ్మాస్టరుకి గిట్టవు. ఆ గదిలోకి రాడు, వారానికోసారి పట్టీ తెప్పించుకుని సంతకం పెడతాడు.

"అక్కడే ఆగు. వంటింట్లోకి రాకు," అంది రిపెకా.

"ఏమైందమ్మా?"

"పంతులమ్మగారూ, మీ తమ్ముడికి బహుమతి వచ్చింది. గుంజ మీదుంది, చదువుకోండి."

కరరైనా చదివింది. బట్టల బుట్ట కింద పెట్టింది.

"పట్టీలో వాడి హాజరు నీ చేత్తోనే గీశావా?" అంది రిపెకా.

"నేనే."

"ఛీ! పోయినవాణ్ణి రోజూ లేపి బెంచీ మీద కూర్చోబెట్టావటే? వాడి పేరు పక్కన హాజరు గీత గీసిన చేత్తోనే వచ్చి నా రొట్టె ముట్టుకున్నావు. నేను తిన్నాను! నీ ఉద్యోగానికి వాడి పేరే దొరికిందా?"

"ఉద్యోగం కోసం కాదమ్మా. హాజరు ఇరవైకి తగ్గితే బడి మూసేస్తారు. వచ్చేది పందొమ్మిది మంది."

"మూసుకోనీ."

"అప్పుడు అందరూ ఏటి అవతల బడికి పోవాలి. నేను ఒక ఏడాది పోయాగా. మొదటిరోజు పేరు అడక్కముందే తలలో పేలు చూశారు. పెన్సిల్‌తో. చెయ్యి తగలకుండా."

"అందుకని వాణ్ణి లెక్కకి వాడుకుంటావా?"

కరరైనా బుట్టలోంచి తడి బట్ట ఒకటి తీసి పిండింది.

"మొదటిరోజు ఇరవై లెక్క నా మనసులోనే లేదు. వాణ్ణి పెట్టి వచ్చిన సోమవారం, ఈ కొత్త దొర ఇంకా రాలేదు. పేర్లు పిలుస్తున్నాను. అలవాటులో వాడి పేరు నోట్లోంచి వచ్చేసింది. పిల్లలంతా ఒక్కసారే 'ఉన్నాడు' అన్నారు. కొట్టెయ్యలేకపోయాను. గీత పెట్టాను. ఆ తర్వాత ఎప్పుడో లెక్క కోసం పెట్టడం మొదలైంది. ఏ రోజు నుంచో నాకే తెలీదు. నాకూ అసహ్యంగానే ఉందమ్మా."

"ఉండాలి."

"వీళ్లిద్దరూ వస్తే ఇరవై ఒకటి." కరరైనా తోట వైపు చూపించింది. "నువ్వు బతికున్న ఇద్దర్నీ ఇంట్లో పెట్టావు. నేను పోయినవాణ్ణి బళ్లో పెట్టాను."

రిపెకా చెయ్యెత్తింది. కొట్టలేదు.

"ఆ బడి నీళ్లు తాగే పోయాడు వాడు."

"ఆగస్టులో నీళ్ల తొట్టి మార్చారు. రోజూ నేనే కాచి పోస్తున్నాను. నీకు మూడుసార్లు చెప్పాను."

చెప్పింది. మొదటిసారి రిపెకా బంగాళాదుంపలు చెక్కుతూ తలెత్తలేదు. రెండోసారి లేచి వెళ్లిపోయింది. మూడోసారి, "వాడి మాట నా దగ్గర ఎత్తకు," అంది. పొద్దుట్నుంచీ హెడ్మాస్టరు రుమాలు మీద, ఆ కాగితం మీద, కూతురి చేతి మీద పుట్టిన రోత ఇప్పుడు తిరిగి తన మీదికే వచ్చింది. తోటలో ఉన్న పదేళ్ల అరాపేరా ఐదు నెలలుగా మట్టి తవ్వుతోంది. నేను ఎందుకు బడికి పోకూడదని ఒక్కసారి కూడా అడగలేదు. అడగనిచ్చిందెవరు?

"కాగితం తియ్యి," అంది రిపెకా. "వాడిది వాడికిచ్చేద్దాం."

నలుగురూ గుట్టెక్కారు. కాగితాన్ని సమాధి పక్కన గొయ్యి తీసి పూడ్చారు. రిపెకా కొడుకుతో గట్టిగానే మాట్లాడింది. "బడి అయిపోయింది నాన్నా. ఇక నిన్ను ఎవరూ పిలవరు. పడుకో." కరరైనా మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. జూన్‌లో ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్లకి వంట చేసింది.

దిగివచ్చే దారిలో గేటు దగ్గర నీళ్ల డబ్బా ఉంటుంది. సమాధుల దగ్గర నుంచి వచ్చేవాళ్లు చేతులు కడుక్కోవాలి. కరరైనా దూరంగా నిలబడింది. రిపెకా దోసిట నీళ్లు తీసుకుని ఆమె చేతుల మీద పోసింది. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటీ రుద్దింది.

"సోమవారం దొరకి నేనే చెప్తాను. పంపించేస్తే పంపించేస్తాడు," అంది కరరైనా.

"నేనూ వస్తాను. వీళ్లిద్దర్నీ తీసుకుని." రిపెకా ఇంకో దోసెడు పోసింది. "పేర్లు పిలిచేటప్పుడు వాడి చోటు వస్తే పిల్లలు కాసేపు ఆగుతారేమో. ఆగనీ."

ఆరేళ్ల మాకెరె తడి చేతులు గౌనుకి తుడుచుకుంటోంది. మే నెలలో మూడు వారాలు బడికి వెళ్లింది, అంతే.

"పేరు పిలిస్తే ఏమనాలక్కా? మర్చిపోయాను."

కరరైనా చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది. రిపెకా శాలువా అంచుతో చిన్నదాని మొహం తుడిచింది, తర్వాత తన మొహం.

"ఉన్నాను అనాలి," అంది.